నిఘంటువును చదువుకుంటూ పోతే

పేపరు తెరిస్తే తరచూ కనబడే వాక్యం ఇది: పరారీలో ఉన్న నిందితుడి కోసం పోలీసులు గాలిస్తున్నారు. చదువుతాం, అర్థమవుతుంది, పక్క వార్తకు వెళ్ళిపోతాం. ‘గాలించు’ అనే మాట ఎక్కడిదని ఎవరమూ ఆగం. నిఘంటువులో ‘గా’ దగ్గర ఒక పుట తెరిచి పైనుంచి కిందికి చదువుతూ వస్తే ఆ మాట అసలు పని ఏమిటో కనిపిస్తుంది. బియ్యంలో నీళ్ళు పోసి, గిన్నెను మెల్లగా ఆడిస్తూ, పైకి వచ్చిన బియ్యాన్ని నీళ్ళతోపాటు ఇంకో గిన్నెలోకి ఒంపుకుంటూ, అడుగున నిలిచిన రాళ్ళను వేరుచేయడం గాలించడం. రాళ్ళు లేని మిల్లు బియ్యం సంచుల్లో రాకముందు ఇంటింటా రోజూ జరిగిన పని ఇది. పని దాదాపు పోయింది. మాట మాత్రం నేరవార్తల్లో బతికి ఉంది.

‘తూర్పారపట్టు’ సంగతీ అంతే. అసెంబ్లీలో ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారపట్టిందని రాస్తారు. కళ్ళంలో నూర్చిన ధాన్యాన్ని చేటతో ఎత్తి గాలివాటున పోస్తే తాలూ పొట్టూ దూరంగా ఎగిరిపోయి, గట్టి గింజ కింద రాశిగా పడుతుంది. అదీ తూర్పారపట్టడం. ఓటర్లు ఫలానా పార్టీకి కర్రు కాల్చి వాత పెట్టారంటారు. కర్రు అంటే నాగలి మొనకు బిగించే ఇనుప ముక్క. నాయకుడు మధ్యలోనే కాడి పడేశాడంటారు; కాడి ఎడ్ల మెడల మీద ఉండే మాను. ఇంకా ‘అత్తెసరు మార్కులు’ ఉన్నాయి. గంజి వార్చే అవసరం లేకుండా, బియ్యానికి సరిపోయేటన్ని నీళ్ళే పోసి అన్నం వండితే దాన్ని అత్తెసరు పెట్టడం అంటారు. ఒక చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడికి ఇంతకంటే అమరిన మాట ఇంకోటి దొరకదు.

ఈ మాటల్లో మనకు తెలియనిది ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. తెలియని మాట ఎదురైతే నిఘంటువులో వెతుకుతాం. తెలుసనుకున్న మాటను ఎవరూ వెతకరు. మనకు తెలుసనుకున్న మాటల్లో ఎంత దాగి ఉందో తెలియాలంటే, వెతకడం పక్కనపెట్టి కొన్ని పుటలు ఊరికే చదవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. నిఘంటువు మామూలు పాఠకుడు వరసగా చదువుకోదగ్గ పుస్తకం.

ఇది కొత్తగా పుట్టిన సరదా ఏమీ కాదు. మన దేశంలో నిఘంటువులు మొదట తయారైందే చదవడానికి, కంఠస్థం చేయడానికి. ‘నిఘంటువు’ అనే పేరు మొదట వైదిక పదాల పట్టికలకు ఉండేది. వాటికి యాస్కుడు రాసిన వివరణే నిరుక్తం. ఆ తర్వాతి అమరకోశం మూడు కాండల శ్లోక గ్రంథం. అందులో మాటలు అక్షరక్రమంలో ఉండవు. స్వర్గంతో మొదలై ఆకాశం, దిక్కులు, కాలం, భూమి, పట్టణం, కొండలు, చెట్టూ చేమా, జంతువులు, మనుషులు అంటూ వర్గాలవారీగా నడుస్తాయి. వీధిబడిలో పిల్లలు దాన్ని మొదటినుంచీ వల్లెవేసేవారు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రాసిన ఆంధ్రనామసంగ్రహం కూడా పద్యాల్లోనే ఉంది. దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ అని దానికి అయిదు వర్గులు. అలాంటి పుస్తకంలో ఒక మాటను గబుక్కున వెతికి పట్టుకోవడం కష్టం. మొత్తం నోటికి వచ్చినవాడికే అది ఉపయోగం.

పంతొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్ళలో బందరు వాసి మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను అకారాదిగా కూర్చాడు. తర్వాత తెలుగు పుస్తకాల అచ్చు పెరిగింది. అక్షరక్రమం వల్ల మేలు చాలా జరిగింది. కావలసిన మాట నిమిషంలో దొరుకుతుంది. కానీ అప్పటినుంచి నిఘంటువు అవసరానికి తీసి మళ్ళీ బీరువాలో పెట్టే పుస్తకమైంది. అయినా పుస్తకం చేతిలో ఉన్నంతకాలం, వెతికే మాటకు పైనా కిందా ఉన్న మాటలు కంట్లో పడేవి. ఫోనులో ఆ అవకాశమూ పోయింది. అడిగిన మాట ఒక్కటే తెరమీదికి వస్తుంది, దాని ఇరుగుపొరుగు రాదు. ఆంధ్రభారతి వంటి సైట్లు పది నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కల్పించి తెలుగుకు చాలా సేవ చేస్తున్నాయి, నేను రోజూ వాడతాను. కానీ ఏం అడగాలో ముందే తెలిసినవాడికే వెతుకుడు పెట్టె పనికొస్తుంది.

ఇంగ్లీషులో ఈ పనిని చివరిదాకా చేసినవాళ్ళున్నారు. అమన్ షే అనే అమెరికన్ రచయిత ఇరవై సంపుటాల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును ఏడాదిపాటు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఆ అనుభవాన్ని 2008లో పుస్తకంగా తెచ్చాడు. మనకు అంత దీక్ష అక్కర్లేదు. రోజుకు ఒక పుట చాలు.

మొదలెక్కడ పెట్టాలన్నది ముఖ్యం. చాలామంది ‘అ’తో మొదలుపెట్టి వారంలో విసిగిపోతారు. కారణం ఉంది. ‘అ’లో సగానికి సగం అధి, అను, అప, అభి, అవ అనే ఉపసర్గలతోనూ, లేదనే అర్థమిచ్చే అకారంతోనూ మొదలయ్యే సంస్కృత సమాసాలే. చదివేకొద్దీ ఒకే మూస. నా సలహా ‘ఎ’తోనో ‘ఒ’తోనో మొదలుపెట్టమని. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. కాబట్టి ఆ అక్షరాలతో మొదలయ్యే మాటల్లో నూటికి తొంభై పాళ్ళు అచ్చమైన తెలుగువే. కె, తె, కొ, పొ వంటి గుణింతాలకూ ఇదే లెక్క. నిఘంటువులో మాట పక్కన ‘దే.’ అని కనబడితే దేశ్యమని గుర్తు. ఈ పుటల్లో ఆ గుర్తు వరసగా కనబడుతూ ఉంటుంది.

‘ఎ’లో ఎంగిలి, ఎకసక్కెం, ఎగుడుదిగుడు, ఎడ, ఎత్తుగడ, ఎన్ను, ఎసరు అంటూ ఒక్కో మాటా తెలిసిన ముఖంలాగే వస్తుంది. కొంచెం ముందుకు పోతే ‘ఎరవు’. ‘ఎరువు’ అని కూడా అంటారు. పొలంలో వేసే ఎరువు కాదు. వాడుకుని తిరిగి ఇచ్చేయడానికి ఇంకొకరి దగ్గర తెచ్చుకున్న వస్తువు. పెళ్ళికి పక్కింటివాళ్ళ గొలుసు పెట్టుకుని వెళ్తే అది ఎరవు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెతను ఇప్పటి పిల్లలు రైతుల గురించి అనుకుంటే వాళ్ళ తప్పు లేదు. మాట అర్థం వాళ్ళకు అందలేదు, అంతే. ఇక్కడ మన భాష ఎంత తేడాగా లెక్కకట్టిందో చూడండి. రాతకోతలతో తెచ్చుకుని తీర్చాల్సింది అప్పు. కాగితం లేకుండా నాలుగు రోజులకని చేతిలోంచి చేతిలోకి తీసుకున్నది చేబదులు. దుకాణంలో సరుకు ముందు తెచ్చుకుని డబ్బు తర్వాత ఇస్తే అరువు. తెచ్చిన వస్తువునే తిరిగి ఇవ్వాలంటే ఎరవు. నాలుగు రకాల ఇచ్చిపుచ్చుకోవడానికి నాలుగు మాటలు. మనం ఇప్పుడు అన్నింటికీ కలిపి ‘లోను’ అంటున్నాం. తేడా తెలిసిన మాటలు చేతిలో ఉండగా ఒక్కదానితో సరిపెట్టుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అదే ‘ఎ’లో ‘ఎల్లి’ ఉంది. అర్థం: రేపు. ‘రేపు’ అన్న మాటకు పాత అర్థం తెల్లవారుజాము. ‘రేపకడ’ అంటే ఇప్పటికీ నిఘంటువుల్లో ప్రాతఃకాలమే. తెల్లవారాక వచ్చే రోజును రేపు అనడం అలవాటై, ఎల్లి వాడుకలోంచి జారిపోయింది. కానీ ‘ఎల్లుండి’లో దాని ఆనవాలు మిగిలింది. మనం రోజూ ఎల్లుండి అంటూనే ఉన్నాం, ఎల్లిని మాత్రం మరిచాం.

పాత నిఘంటువులు తెరిచినవారికి బెదురు పుట్టించేవి రెండున్నాయి: బండి ర అనే ‘ఱ’, సగం సున్నలా కనిపించే అరసున్న. ఇప్పుడు ఎవరూ రాయనివి కదా, ఎందుకీ తలనొప్పి అనిపిస్తుంది. నేను వాటిని తిరిగి తేవాలనడం లేదు. కానీ చదివేటప్పుడు అవి గొప్ప సహాయం చేస్తాయి. ‘ఏరు’ అని ఇవాళ రాస్తే వాగు గుర్తొస్తుంది. నిఘంటువులో వాగుకు ‘ఏఱు’ అని బండి ర ఉంటుంది. మామూలు ర ఉన్న ‘ఏరు’ వేరే మాట; దానికి అర్థం ఎడ్లు కట్టి దుక్కికి సిద్ధం చేసిన నాగలి. జ్యేష్ఠ పున్నమినాడు రైతులు చేసుకునే ఏరువాకలో ఉన్నది ఈ నాగలి ఏరే. నదికీ ఆ పండుగకూ చుట్టరికం కలిపి చెప్పేవాళ్ళను చూస్తుంటాం. పాత నిఘంటువులో ఒక్క అక్షరం చూస్తే సందేహం తీరిపోతుంది. అలాగే ‘ఏడు’ అంటే అంకె, అరసున్నతో ‘ఏఁడు’ అంటే సంవత్సరం. ‘అరుగు’ అంటే వెళ్ళు, ‘అఱుగు’ అంటే తిన్నది జీర్ణం కావడం. మన చెవికీ కలానికీ ఒకటైపోయిన మాటలు ఆ పుటల మీద ఇంకా విడివిడిగా నిలబడి ఉన్నాయి.

కొన్ని సంతోషాలు ఒక్క పుటలో దొరకవు, చాలాకాలం చదివాక కలిసివస్తాయి. ‘క’లో కట్టకడ, ‘కొ’లో కొట్టకొన, ‘చి’లో చిట్టచివర, ‘తు’లో తుట్టతుద, ‘న’లో నట్టనడుమ, ‘ప’లో పట్టపగలు, ‘బ’లో బట్టబయలు, ‘మొ’లో మొట్టమొదట. వీటిని వరసగా చదివితే లోపల ఒకే సూత్రం నడుస్తోందని తెలుస్తుంది. పగలు అన్న మాటను గట్టిగా చెప్పాలంటే రెండుసార్లు అనాలి: పగలు పగలు. మొదటిదానిలో తొలి అక్షరం ‘ప’ను ఉంచి, మిగతాదంతా తీసేసి, ఆ చోట ‘ట్ట’ పెడితే పట్టపగలు. నడుమ నడుమ అంటే నట్టనడుమ. ఎదురు ఎదురు అంటే ఎట్టయెదురు. చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం రాశాడు. పదో తరగతి పిల్లలు ద్విరుక్తటకార సంధి అని పరీక్షకు చదువుతారు. పేరు చూస్తే భయమేస్తుంది. చేసే పని మాత్రం పసిపిల్లల ఆటంత తేలిక. ఆ సూత్రం విననే వినని అవ్వ కూడా ‘పట్టపగలు దొంగలు పడ్డారు’ అని తప్పు లేకుండా అంటుంది. వ్యాకరణం ముందు నోట్లో పుట్టి తర్వాత పుస్తకానికి ఎక్కుతుందనడానికి తెలుగులో నాకు తెలిసిన మంచి సాక్ష్యం ఇది.

జాతీయాల్లో గడ్డకట్టుకుపోయిన మాటలు ఇంకో రకం. ఎవరైనా బాగా ఏడిస్తే కన్నీరుమున్నీరుగా ఏడ్చారంటాం. మున్నీరు ప్రాసకోసం తగిలించిన ఉత్త మాట అనుకునేవాళ్ళే ఎక్కువ. ‘ము’ పుటలో చూడండి: మున్నీరు అంటే సముద్రం. కన్నీరు సముద్రమైందని మనం ఇన్నేళ్ళుగా తెలియకుండానే చెబుతున్నాం. నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటాం. నాకం అంటే స్వర్గం. ‘అకం’ అంటే దుఃఖం, అది లేని చోటు. వాగూ వంకా, కొండా కోనా అన్న జంటల్లో రెండో మాట ఊతపదం అనిపిస్తుంది. వంక అంటే చిన్న ఏరు, రాయలసీమలో ఇప్పటికీ వంక పారిందనే అంటారు. కోన అంటే కొండల మధ్య లోయ. మనం ఊతం అనుకున్నవాటికి సొంత కాళ్ళున్నాయి.

కొలతల మాటలకు వస్తే నాకు ఎంతసేపైనా చాలదు. చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం, చారెడు గింజలు, దోసెడు మల్లెలు, పుడిసెడు నీళ్ళు. పుడిసిలి అంటే గుంటలా ముడిచిన అరచేయి. దోసిలి అంటే రెండు చేతులు కలిపి పట్టింది. పొడవుకైతే బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. నాలుగు వేళ్ళ వెడల్పు, బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొస దాకా, మోచేతినుంచి మధ్యవేలి కొస దాకా, చాచిన రెండు చేతుల మేర. మనిషి ఒళ్ళే కొలబద్ద. ఈ మాటలన్నిటి చివరా ఉన్న ‘ఎడు’ను గమనించండి. దేని పక్కన పెడితే అది కొలపాత్ర అయిపోతుంది: గరిటెడు, చెంబెడు, కడివెడు, గంపెడు, బండెడు. ‘గంపెడాశ’ అన్నప్పుడు కొలవలేనిదాన్నీ గంపలోకి ఎత్తేశాం. చారెడేసి కళ్ళు, బారెడు జడ అని అందాన్నీ వీటితోనే కొలిచాం. బారెడు పొద్దెక్కిందని కాలాన్ని కూడా. దూరానికి కూతవేటు ఉంది, కేకేస్తే వినబడేంత. ఒక చిన్న ప్రత్యయం ఇంత పని చేస్తుందని ఏ మాటనూ విడిగా వెతికితే తెలియదు.

ఏ నిఘంటువు చదవాలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, ఎందుకంటే ఒక్కో నిఘంటువుదీ ఒక్కో చూపు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. పండితులను జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. అతని తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. కావ్యాల మాటలతోపాటు సంతలో, ఇంట్లో, కచేరీలో విన్న మాటలనూ అందులో చేర్చి, చాలావాటికి చిన్న చిన్న వాక్యాలు ఉదాహరణగా ఇచ్చాడు. చదవడానికి అంత కులాసాగా ఉండే తెలుగు నిఘంటువు నాకింకోటి కనబడలేదు. కచేరీ భాషలోని ఉర్దూ, పారశీ, ఇతర అన్యదేశ్యాలకు 1854లో వేరే మిశ్రభాషా నిఘంటువే వేశాడు. అలాంటి మాటల్లో కొన్నింటికి ఇంకా ప్రాణముంది. మీ పొలం పహాణీలోనో అడంగల్‌లోనో ‘ఫసలీ 1434’ అని ఉంటే, అది 2024 జులై ఒకటి నుంచి 2025 జూన్ ముప్పై వరకు నడిచిన రెవెన్యూ సంవత్సరం.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885 నాటిది. కావ్యప్రయోగం దొరికిన మాటకే అందులో పెద్దపీట. అర్థం కచ్చితంగా కావాలంటే దానికి సాటి లేదు, కానీ వంటిల్లూ పొలమూ అందులో తక్కువ. పిఠాపురం రాజావారి అండతో మొదలై, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలది. గ్రంథాలయంలో కూర్చుని చదవాల్సిందే. పొలం మాటలు కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం ఉంది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. కావ్యాలను పక్కనపెట్టి, ఊళ్ళకు వెళ్ళి రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకున్న మాటలివి. మగ్గం మాటలు చదివితే ‘పడుగుపేకల్లా కలిసిపోయారు’ అన్న వాడుక కళ్ళకు కడుతుంది: పడుగు నిలువు దారం, పేక అడ్డ దారం, రెండూ కలిస్తేనే గుడ్డ. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తే కలనేత. వెలుగు పడే తీరునుబట్టి రంగు మారే పట్టుచీర రహస్యం ఆ ఒక్క మాటలో ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నిఘంటువులో దొరికిన ప్రతి మాటనూ మర్నాడే రాతలో పెట్టాలన్న ఉత్సాహం వస్తుంది. పెట్టకండి. తామరపువ్వుకు ముప్పై సంస్కృత పర్యాయపదాలు నేర్చుకున్నవాడికంటే అత్తెసరు, ఎరవు, కలనేత అనే మూడు మాటలను వాటి చోట వాడగలిగినవాడి తెలుగే బాగుంటుందని నా నమ్మకం. చదివిన మాట కొన్నాళ్ళు మనసులో నానాలి. సందర్భం వచ్చినప్పుడు అదే నోటికి వస్తుంది.

ఇంకో సంగతి. సూర్యరాయాంధ్రం ఎనిమిది సంపుటాలకూ ఎక్కని మాటలు పోగుచేసి రవ్వా శ్రీహరి శ్రీహరి నిఘంటువు అని వేరే గ్రంథమే వెలువరించారు. తెలంగాణ మాటలకు నలిమెల భాస్కర్ పదకోశం చేశారు. అయినా ఎక్కనివి ఇంకా ఊళ్ళలో ఉన్నాయి. మీ నాయనమ్మో అమ్మమ్మో అనే మాట ఏదైనా నిఘంటువులో కనబడకపోతే అది తప్పు మాట అనుకోకండి. ఆ మాటనూ, ఆమె చెప్పిన అర్థాన్నీ, ఆమె అన్న వాక్యాన్నీ, ఊరి పేరునూ, తేదీనీ మీ నిఘంటువు చివరి ఖాళీ కాగితం మీద రాసిపెట్టండి.